కంపెనీ పేరు లేని పావురాలు

శంషాబాద్ పాత ఊళ్లో బాలమల్లు మోటార్ల దుకాణానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. గాలివానకు కింద పడితే దాన్ని తిరగేసి దుకాణం ముందు మోరీ మీద బల్లగా వేసుకున్నాడు. కాలిన మోటారు భుజాన వేసుకుని వచ్చే రైతుకు బోర్డు చదివే తీరిక ఉండదని, వార్నిష్ వాసన పట్టుకుని వాడే వస్తాడని ఆయన వాదన. వాదనలో ఆయన్ను గెలిచిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. గెలవనిస్తే కదా.

బోరు మోటార్లకు వైండింగ్ చుట్టడం ఆయన పని. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. కాలిపోయిన మోటారును విప్పి, నల్లబడిన తీగను లాగి చుట్లు లెక్కపెట్టి, మందం కొలిచి, అన్నే చుట్లు కొత్త తీగతో మళ్లీ చుడతాడు. మోటారు ఏ కంపెనీదని మాత్రం ఎన్నడూ అడగడు. దాని పక్కన కొట్టిన పేరు రేకు వంక చూడను కూడా చూడడు.

"మోటరు విప్పినంక కంపెనీతోని నాకేం పని? చేసినోడు ఏమనుకుని చేసిండో తీగెనే చెప్తది" అంటాడు.

ఒకసారి మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి ఒక మోటారు వచ్చింది. దాని మీది అక్షరాలు ఏ దేశానివో కూడా ఎవరికీ తెలియలేదు. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. బాలమల్లు రెండు రోజులు దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మూడో రోజు సాయంత్రానికి అది తిరిగింది. ఆ మోటారు తర్వాత ఏమైందో గాని, ఆ రోజు పట్టుకున్న గీర మాత్రం మనిషిని వదల్లేదు. ఆ గీరను ఆయన తన పావురాల దగ్గరికి కూడా తీసుకుపోయాడు. చిక్కు అక్కడ వచ్చింది.

పావురాలు ఆ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్లు. భార్య పోయిన ఏడు అది, బిడ్డ మంజులకు అప్పుడు ఆరేళ్లు. పక్క గల్లీలో ఉండే షుజాత్ ఒక సాయంత్రం అంగీ లోపల దాచుకుని ఒక జంటను తెచ్చాడు. పావురాలు ఎగరేయడంలో షుజాత్ ఉస్తాదు. పాతబస్తీ నుంచి కూడా మనుషులు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉందని, పిల్ల బుగులు పడుతుందని, వీటి కువకువలన్నా వినబడతాయని చెప్పి, ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పనంతా ఆయనే నేర్పాడు. కొత్త పావురాన్ని తెస్తే రెక్క ఈకలను దారంతో కట్టి నలభై రోజులు ఉంచాలి. ఈక కత్తిరించకూడదు, పీకకూడదు. నలభై రోజులు ఆ కప్పు మీదే తిని, ఆ కప్పు మీదే పడుకుంటే అదే దాని ఇల్లవుతుంది. అప్పుడు దారం విప్పి మొదట మామిడిపల్లి నుంచి, తర్వాత హిమాయత్ సాగర్ కట్ట మీంచి, ఆ పైన ఇంకా దూరం నుంచి వదలాలి. కప్పు మీద నిలబడి జొన్నల డబ్బా ఆడిస్తూ "ఆవ్... ఆవ్" అని గొంతు అడుగు నుంచి పిలవాలి. ఆ పిలుపు మంజులకు కూడా పట్టుబడింది. ఆరేళ్ల పిల్ల లంగా ఎగగట్టుకుని కప్పు మీద నిలబడి అచ్చం తండ్రి గొంతుతో పిలుస్తుంటే గల్లీ అంతా బయటికి వచ్చి నవ్వేది.

ఎక్కడో వదిలిన పిట్ట ఇంటికి దారి ఎట్లా పట్టుకుంటుందన్నది బాలమల్లు దుకాణంలో ఏళ్ల తరబడి నడిచిన ముచ్చట. నడిపినవాడు అనంతయ్య సారు. రిటైరైన సైన్సు పంతులు, పొద్దున్నే పేపరు చదవడానికి దుకాణానికి వస్తాడు. పేపరు బాలమల్లుది, ముందు చదివేది మాత్రం సారే. పావురాలు సూర్యుణ్ణి చూసి దిక్కు పడతాయని కొందరు, భూమిలోని అయస్కాంతం వాటికి తెలుస్తుందని కొందరు, గాలిలో వాసనలే దారి చెబుతాయని ఇంకొందరు అంటారని, పూర్తిగా మాత్రం ఇంతవరకు ఎవరికీ తేలలేదని ఆయన చెప్పేవాడు. తేలలేదన్న మాట వింటే బాలమల్లుకు ఎక్కడ లేని హుషారు వచ్చేది.

"సారూ, మీరు పుస్తకం విప్పుతరు, నేను పావురాన్ని చూస్త. అది పిలిచే మనిషి కోసం వస్తది. దానికి ఇల్లంటే మనిషే. దాన్ని చేసినోడెవరో నాకు తెల్వది, తెల్వాల్సిన పని గూడ లేదు. చుట్లు లెక్కవెట్టిన, తేలిపోయింది."

రుజువు కూడా ఉందండోయ్ ఆయన దగ్గర. ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు దవాఖానలో పడుకుంటే పావురాలు గింజలు సరిగ్గా ముట్టలేదట. ఆ నాలుగు రోజులూ ముసురు పట్టిందని, ముసురులో పావురాలు ఎవరున్నా తక్కువే తింటాయని షుజాత్ చెప్పాడు. బాలమల్లు అది చెవిలో వేసుకోలేదు. షుజాత్ చనిపోయాక అది గుర్తు చేసేవాళ్లు కూడా లేకుండా పోయారు.

మంజుల పెద్దదై ఎయిర్‌పోర్టులో పనికి కుదిరింది. నడవలేని ప్రయాణికులను వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి విమానం దాకా తోసే పని. నెమ్మదైన పిల్ల, ముసలివాళ్ల దగ్గర మంచి పేరు తెచ్చుకుంది. మెడలో వేసుకునే పాసు ఉంటేనే లోపలికి పోనిస్తారు. అది గడువు తీరినప్పుడల్లా కొత్తది ఇస్తారు, ఇచ్చే ముందు ఇంటి మీద గాని మనిషి మీద గాని ఏదన్నా కేసుందా అని విచారిస్తారు. మంజుల ఆ పాసును స్నానానికి పోయినప్పుడు కూడా దేవుడి పటాల దగ్గర పెట్టి పోయేది.

ఒక ఉగాది ముందు రోజుల్లో ఎయిర్‌పోర్టు ఆఫీసు నుంచి ముగ్గురు మనుషులు వచ్చారు. పెద్ద ఆఫీసరు మర్యాదస్తుడు. చెప్పులు విప్పి మరీ కప్పు ఎక్కాడు. పద్నాలుగు పావురాలను లెక్కపెట్టి, మరి కాసేపు వాటి వంకే చూసి, తన చిన్నప్పుడు తమ ఇంట్లో కూడా ఉండేవని చెప్పాడు. ఆ తర్వాత కాగితం ఇచ్చాడు.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండీ. దిగే విమానాలు ఈ కప్పుల మీదుగానే వెళ్తాయి. ఒక్క పావురం ఇంజన్లో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు" అన్నాడు.

నిజంగానే చెప్పక్కర్లేదు. తిరిగే మోటారులో గుడ్డపేలిక పడితే ఏమవుతుందో బాలమల్లు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆ విమానాల్లో కూర్చున్నవాళ్లను తన బిడ్డే తోసుకుపోయి ఎక్కించి వస్తుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కనీసం తిట్టుకోవడానికి ఒక చెడ్డ మనిషన్నా దొరికితే బాగుండేది, ఆ అదృష్టం కూడా లేకపోయింది. రెండు నెలల గడువు ఇచ్చారు. ఆ తర్వాత కూడా కప్పు మీద పావురాలు కనబడితే కేసు రాస్తామన్నారు. మంజుల పాసు గడువు తీరేది కూడా సరిగ్గా అప్పుడే.

బాలమల్లు ముందు తేలిక దారి చూశాడు. బాలాపూర్‌లో లక్ష్మణ్ అని పాత గిరాకీ ఉన్నాడు, అతనికి పావురాలంటే ఇష్టం. పద్నాలుగింటినీ గంపలో పెట్టి, గుడ్డ కప్పి తీసుకుపోయి ఇచ్చాడు. రెండో రోజు లక్ష్మణ్ గూడు ఊడ్చడానికి తలుపు తీశాడు. ఫోను చేసి ఆ సంగతి చెబుతూ ఉండగానే బాలమల్లు తల మీద రెక్కల చప్పుడు వినబడింది. పద్నాలుగూ కప్పు మీద వాలి ఏమీ జరగనట్టు ఈకలు దువ్వుకుంటున్నాయి. ఆ పూట మంజుల అన్నం ముందు కూర్చుని, చేయి కడుక్కుని లేచిపోయింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని బాలమల్లు అనుకున్నాడు.

గల్లీలో తలా ఒక సలహా ఇచ్చారు. ఇనుప జాలీ గూట్లో పెట్టి ఎక్కడన్నా మూసేయమన్నారు కొందరు. కోసుకు తినేయమన్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతో బాలమల్లు ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడు. ఆయన ఆలోచన వేరే. మూడు తీగల మోటారు ఎదురు తిరుగుతుంటే మొత్తం విప్పనక్కర్లేదు, రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే చాలు. పావురం మనిషి కోసం వస్తుందన్నది తేలిపోయింది కదా. మరి ఆ మనిషే ఇల్లు వదిలి ఇంకోచోట కూర్చుంటే పావురాలు కూడా అక్కడే ఉండిపోతాయి. పరిగి అవతల ఒక పల్లెలో ఆయన అక్క లచ్చమ్మ ఉంటుంది. నలభై రోజులు అక్కడ తానే వాటితో ఉంటే సరి. ఇంత సులువు సంగతి ముందే తట్టనందుకు నెత్తి మీద ఒకటి కొట్టుకున్నాడు కూడా.

పోయే ముందు షుజాత్ భార్య మసర్రత్ దగ్గరికి వెళ్లాడు. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చెప్పిందంతా విని బియ్యంలోంచి తలెత్తింది. పెళ్లైనప్పటి నుంచి పావురాల మధ్యనే బతికిన మనిషి ఆమె.

"మల్లు భాయ్, నువ్వు కంపెనీ పేరు అడగకుండ మోటరు బాగు చేస్తవ్. నిజమే. కాని బాగు చేసుడు వేరే. ఇప్పుడు నువ్వు దాని గుణమే మార్చాలంటున్నవ్. అది చేసినోనికే చాతనైతది" అంది.

"అయితే చేసినోని అడ్రసియ్యి భాభీ, పోయి కాళ్ల మీద పడుత" అన్నాడు బాలమల్లు. నవ్వులాటకే అన్నాడు.

మసర్రత్ నవ్వలేదు. "ఆయన నాకు తెల్సినోడే. షుజాత్ సాబ్ మంచాన పడ్డప్పుడు దినాం ఐదు పూటలు అడిగిన. తెల్సినంత మాత్రాన మాట వింటడని ఎవరు చెప్పిన్రు?"

 ఆమె మళ్లీ బియ్యంలోకి తల వంచింది. బాలమల్లు చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఎండాకాలం, బోర్లన్నీ ఒక్కసారే కాలిపోయే రోజులు. అట్లాంటి గిరాకీని వదిలి దుకాణానికి తాళం వేసి, రెండు గంపలతో బస్సెక్కాడు బాలమల్లు. రైతులు ఫోన్లు చేసి తిట్టారు. అనంతయ్య సారుకు పేపరు లేకుండా పోయింది. మంజుల మాత్రం బస్టాండు దాకా వచ్చి, గంప మీది గుడ్డ సందులోంచి వేలు పెట్టి ఒక పావురం తల నిమిరింది. ఈసారి ఉండిపోతాయా బాపు అని అడిగింది. ఉంటయి బిడ్డా, నేనుంట కద, అన్నాడాయన.

లచ్చమ్మ ఇంటి కప్పు మీద కొత్త గూడు కట్టాడు. పావురాలకు రెక్కలు దారంతో కట్టాడు. ఆయన మంచం కూడా గూటి పక్కనే వేసుకున్నాడు. రోజూ మూడు పూటలూ తన చేత్తోనే గింజలు వేసేవాడు. డబ్బా ఆడించి "ఆవ్... ఆవ్" అంటే అన్నీ నడుచుకుంటూ వచ్చి అరచేతిలో తినేవి. ఎండకు చేయి నల్లగా మాడింది. లచ్చమ్మకు తమ్ముణ్ణి చూస్తే నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది. భార్య పోతే కూడా ఇన్ని రోజులు దుకాణం మూయలేదు గదరా అని ఒకరోజు అననే అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

రెక్కలు కట్టిన పావురానికి పిల్లి ముందు ఏం చేతనవుతుంది? ఇరవయ్యో రోజు ఒకటి పోయింది. ఆ వారంలోనే మరో రెండు పోయాయి. మిగిలినవి పదకొండు. అప్పటి నుంచి బాలమల్లు కర్ర పక్కన పెట్టుకుని పడుకునేవాడు, పడుకున్నాడే గాని నిద్ర లేదు. లచ్చమ్మ పరిగి నుంచి ఇనుప జాలి తెప్పించింది. చుట్టూ బిగించి తలుపు పెట్టేద్దాం, దారాలు విప్పి అందులోనే ఉంచుదాం, గింజలు నీళ్లు తానే చూసుకుంటానని చెప్పింది. మంచి మాట చెప్పింది ఆ ఇల్లాలు. ఆ మాట విని ఉంటే ఇంత కథ లేకపోవును.

"జాలిల వెడితె ఏదైనా ఉంటదే అక్కా. ఇష్టమై ఉండాలె. జర చూడు, నా చేతుల నుంచి ఒక్కటన్న కదులుతుందా?"

ఒక్క సంగతి మాత్రం ఆయన గమనించాడు. ఎవరికీ చెప్పలేదు. ముప్పై రోజులు దాటినా ఏ జంటా గుడ్లు పెట్టలేదు. పావురం ఇది నా ఇల్లు అనుకున్నచోటే పుల్లలు ఏరుతుందని షుజాత్ చెప్పేవాడు. వీటిలో ఒక్కటి కూడా ఒక్క పుల్ల ముట్టుకోలేదు. పిల్లి భయమేమో అనుకున్నాడు, ఎండలేమో అనుకున్నాడు. మోటారైతే ఇట్లాంటి తేడాను వదిలేసేవాడు కాదు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు. ఇక్కడ లెక్కపెట్టడానికి భయమేసింది ఆయనకు.

నలభై రోజులు పూర్తైన పొద్దున ఏడు గంటలకు ఒక్కొక్కదాన్నే ఒళ్లో పెట్టుకుని దారాలు విప్పాడు.  రెక్కలు ఒకసారి చాచి ముడుచుకున్నాయి అన్నీ. గూటి పక్కనే కాసేపు నడిచాయి. బాలమల్లు కింద ఉన్న అక్క వంక చూసి కళ్లెగరేశాడు. అప్పుడు ముందుగా బూడిద రంగు పోతు లేచింది, దాని వెనక మిగిలినవన్నీ లేచాయి. లచ్చమ్మ కప్పు మీద పెద్దగా ఒక చుట్టు తిరిగాయి. బాలమల్లు డబ్బా ఆడించాడు, ఆవ్ ఆవ్ అన్నాడు. రెండో చుట్టు తిరిగాయి. ఇంకా గట్టిగా పిలిచాడు. మూడో చుట్టులో సగం దాకా వచ్చి, సరిగ్గా ఆయన తల మీదుగా, ఆయన చేయి చాస్తే నీడలు అరచేతి మీద పడేటంత కిందుగా పోయి, పొద్దు పొడిచిన వైపు తిరిగాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా చుట్టు తిరగలేదు. తాడు కట్టి లాగినట్టు శంషాబాద్ దిక్కుకు పోయాయి.

బాలమల్లు పిలుస్తూనే ఉన్నాడు. కనబడకుండా పోయాక కూడా పిలిచాడు. కింద వాకిట్లో ఉన్న లచ్చమ్మ మెట్లెక్కి వచ్చి ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుంది. పద్దెనిమిదేళ్లుగా తన కోసం వస్తున్నాయనుకున్నాడు. తను ఇక్కడ నిలబడి గొంతు చించుకుంటుంటే అవి ఖాళీ కప్పు కోసం పోయాయి. ఆ కప్పు మీద ఇప్పుడు గూడు కూడా లేదు. తనతో వాటికి పనే లేదు, ఎన్నడూ లేదు. గింజలు వేసే చేయి మాత్రమే తను.

ఫోనుకు సిగ్నల్ దొరకడానికి చెరువు కట్ట దాకా పరుగెత్తాల్సి వచ్చింది. మంజుల మొదటి రింగుకే ఎత్తింది. తెల్లారినప్పటి నుంచి ఆయనకే చేస్తున్నానని చెప్పింది. ఆఫీసువాళ్లు ఈ రోజు పదకొండింటికి చూడటానికి వస్తున్నారట, నిన్న చీకటి పడ్డాక కబురు చేశారట. కప్పు ఊడ్చి పెట్టానని, అంతా బాగానే ఉందని చెబుతోంది పిల్ల.

"వస్తున్నయి బిడ్డా" అన్నాడు బాలమల్లు.

అటువైపు మంజుల గబగబా మెట్లెక్కే చప్పుడు వినబడింది.

"విప్పిన. ఉంటయనుకున్న. వస్తున్నయి. గంటల వస్తయి. ఎట్లనన్న జేసి..." ఎట్లనన్న ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. మంజుల సరే బాపు అంది. అని ఫోను పెట్టేసింది.

పావురానికి గంట దారి. మనిషికి పరిగి దాకా ఆటో, అక్కడ బస్సు కోసం నిలబడటం, షాద్‌నగర్‌లో మారటం. బాలమల్లు కిటికీ పక్కన వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు చేవెళ్ల దాటి ఉంటాయి, ఇప్పుడు హిమాయత్ సాగర్ నీళ్లు కనబడి ఉంటాయి, ఇప్పుడు వాలి ఉంటాయి. బస్సు ఇంకా షాద్‌నగర్ చేరలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు పేరు రేకు కావాలనిపించింది. మోటారైతే తిట్టడానికన్నా ఒక కంపెనీ పేరు ఉంటుంది, కింద ఊరి పేరు ఉంటుంది. వీటి లోపల ఆ దారిని ఎవడు చుట్టాడు? ఏమనుకుని చుట్టాడు? ఇల్లు ప్రమాదమైన రోజున కూడా ఇంటికే రమ్మని ఎందుకు చుట్టాడు? నోటీసు మీద సంతకం ఉంది, ఆ సంతకం పెట్టిన మనిషి చెప్పులు విప్పి కప్పు ఎక్కిన మంచివాడు. ఆయన కాళ్లు పట్టుకున్నా జరిగేది లేదని తెలుసు, అయినా పట్టుకోవడానికి కాళ్లున్నాయి. పక్క సీటు మనిషి ఏందన్నా తబీయత్ మంచిగ లేదా అని అడిగి నీళ్ల సీసా ఇచ్చాడు. బాలమల్లు తాగకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇల్లు చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఆఫీసు జీపు లేదు. మసర్రత్ గుమ్మం పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. బాలమల్లును చూసి కొంగు సర్దుకుని లేచింది, తన ఇంటి వైపు నడిచింది. కప్పు మీద ఒక్క రెక్క చప్పుడు లేదు. మంజుల పెరట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఎప్పటి నుంచి కడుక్కుంటోందో, చేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆఫీసువాళ్లు వచ్చి చూసుకుని, ఫోటో తీసుకుని, పావురాలు లేవని రాసి సంతకం పెట్టి పోయారని చెప్పింది. నల్లా కట్టేసింది. తర్వాత ఆయన అడగకుండానే మిగతాది చెప్పింది.

"నీ లెక్కనే పిలిచిన బాపు. నేను పిలుస్తెనే దిగినయి. ఒక్కొక్కటి నా చేతులకే వచ్చినయి. మసర్రత్ చాచీ వాళ్లింట్ల దాచిపెడుత అన్నది. దాచి ఏం జెయ్యాలె? ఇయ్యాల దాస్తె రేపు వస్తయి. నువ్వు ఇంకా దూరం తీస్కపోతవ్, ఇంకా దూరంకెళ్లి వస్తయి. అవి ఆగవు బాపు. వాటికే తెల్వది ఆగుడు." సడక్ మీది చికెన్ సెంటరుకు ఇచ్చేశానని చెప్పింది. తన ముందర వద్దని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసిందట.

బాలమల్లు దర్వాజా పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డను కోప్పడదామంటే ఏమని కోప్పడాలి? తను చేయాల్సిన పని పిల్ల చేసింది. తను చేసిన తప్పును పిల్ల తన చేతుల మీద వేసుకుంది. తప్పు నాది అందామనుకున్నాడు. బాధపడకు బిడ్డా అందామనుకున్నాడు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"ఎన్నొచ్చినయి?"

"పదకొండు. అన్నొచ్చినయి."

అంత దూరం నుంచి వదిలితే ఒకటో రెండో డేగ పాలు కాకుండా ఉండవు. ఉస్తాదు షుజాత్‌కు కూడా తన కాలం మొత్తంలో పరిగి అవతలి నుంచి అన్నీ తిరిగి వచ్చింది లేదు. నలభై రోజులు రెక్కలు కట్టి ఉంచిన పిట్టలు, సత్తువ లేనివి, పదకొండు వదిలితే పదకొండు వచ్చాయి. పావురాలు ఎగరేసే ఏ మనిషైనా చచ్చేలోపు ఒక్కసారి వినాలనుకునే మాట అది. అది వినగానే బాలమల్లు ముఖం, ఆయన ఎంత ఆపుకుందామన్నా ఆగకుండా, వెలిగింది.

మంజుల ఆ ముఖం చూసింది. పొద్దున్నుంచి ఏడవని పిల్ల అప్పుడు నల్లా పక్కన కూర్చుని ఏడ్చింది.